చదవడం రాదని ధ్రువపత్రం

కొత్తరేవు పట్నంలో గౌతమీ ప్రెస్సు ఎక్కడుందో ఎవరికీ తెలియకూడదు. ముప్పై ఏళ్ళుగా ప్రశ్నాపత్రాలు అచ్చువేసే చోటు కాబట్టి గుమ్మం మీద బోర్డు పెట్టకూడదని మండలివారి ఉత్తర్వు. ఊళ్ళో బోర్డు లేని ప్రెస్సు అదొక్కటే కావడంతో అందరికీ బాగా గుర్తుండిపోయింది. "బోర్డు లేని ప్రెస్సు ఎదురుసందు, రెండో ఇల్లు" అని ఆ పేటవాళ్ళు శుభలేఖల మీద కూడా చిరునామా వేసుకునేవారు.

ఆ ప్రెస్సు యజమానురాలు మాణిక్యాంబ. పదిహేనేళ్ళ కిందట తండ్రి చేతి నుంచి తాళాలు తీసుకుంది. రెండు ట్రెడిల్ మిషన్లు, ఒక సిలిండరు మిషను, గదినిండా సీసపు అక్షరాల పెట్టెలు, పదకొండుమంది పనివాళ్ళు, అదీ ఆమె సామ్రాజ్యం. ఏడాదిలో ఎనిమిది నెలలు ఆ పదకొండు ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది ప్రశ్నాపత్రాల పని మీదే. మిగతా నాలుగు నెలలూ శుభలేఖలు, బిల్లుబుక్కులు, సినిమా కరపత్రాలతో ఎలాగో లాక్కొచ్చేవారు. మండలి ఆఫీసులో ఎవరైనా తుమ్మితే ప్రెస్సులో పదకొండుమందీ చిరంజీవ అనుకోవలసిన బతుకులు.

మండలి అంటే వృత్తి నైపుణ్య పరీక్షల మండలి. కుట్టుపనీ, టైపూ, కరెంటు వైరింగూ వచ్చని ఏటా నలభైవేల మందికి సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ. ఆ ఏడు కుట్టుపని పరీక్షలో దాదాపు అందరికీ నూటికి నూరు వచ్చేశాయి. ఒక కేంద్రంలో అయితే ప్రశ్నాపత్రం చేతికి ఇవ్వకముందే ఒకమ్మాయి మూడు జవాబులు రాసేసి, నాలుగోదానికి అడిషనల్ షీటు అడిగింది. పేపరు లీకైందని గగ్గోలు పుట్టింది. మండలి వెంటనే ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేసింది.

సంఘం మూడు నెలలు కూర్చుంది. ప్రశ్నాపత్రం రహస్యపత్రం కాబట్టి సభ్యులెవరూ దాన్ని తెరిచి చూడలేదు. చూడకుండానే ఆలోచించి, చివరికి నివేదిక ఇచ్చింది. "ప్రశ్నాపత్రమును ఎవరో ఒకరు చదివియుండవలెను. చదవనిదే బయటకు పొక్కుటకు వీలు లేదు. కావున లీకేజీకి మూలకారణము చదువు. ఇకమీదట తెలుగు చదవగలిగిన ఏ వ్యక్తియు ప్రశ్నాపత్రమును ముట్టరాదు."

గ్లోబల్ టెండరు అనే మాట ఆఫీసుల్లోకి కొత్తగా దిగిన రోజులవి. కొత్తల్లుడికి చేసినట్టు ఎక్కడ చూసినా దానికి మర్యాదలు జరుగుతున్నాయి. తెలుగు చదవగలిగినవాళ్ళు ముట్టకూడదంటే తెలుగు లేని దేశంలో అచ్చువేయించాలి, అంతకన్నా సులువేముంది? సముద్రాల అవతల ఒక దేశంలో ఒక గొప్ప ప్రెస్సును చూశారు. ఆ దేశం పేరు బయటపెట్టడం కూడా రహస్య నిబంధనల ఉల్లంఘనే కనుక ఇక్కడ రాయడం లేదు.

కబురు వినగానే మాణిక్యాంబ చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ముప్పై ఏళ్ళ ఆర్డర్లున్న ఫైలు చంకన పెట్టుకుని మండలి కార్యదర్శి పరాంకుశరావు దగ్గరికి పరుగెత్తింది.

పరాంకుశరావు చెడ్డవాడు కాదు. ఎవరినీ కసిరేవాడు కాదు, ఎవరినీ లంచం అడిగేవాడు కాదు. ఫైలులో ఉన్న భాష నోట్లోకి ఎక్కి, మరి దిగలేదంతే.

"రండి మాణిక్యాంబ గారూ. తమరి రాకకు గల కారణము ఈ కార్యాలయమునకు విదితమే," అన్నాడు కుర్చీ చూపిస్తూ. "ముందు ఈ నమూనా పరిశీలించండి."

మందపాటి, నున్నటి కాగితం. విదేశీ ప్రెస్సువాళ్ళు పంపిన నమూనా అచ్చు. రహస్యం కాని కాగితం ఏదైనా పంపమంటే మండలివారు పాత సెలవుల జాబితా ఒకటి పంపారట. దాన్ని వాళ్ళు ఉన్నదున్నట్టు దించేశారు. మాణిక్యాంబ ఆ కాగితం వంక చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఈ మధ్యనున్న గుండ్రటి మచ్చ ఏవిటండీ?"

"టీ గ్లాసు మరక. ఒరిజినల్‌లో హెడ్ క్లర్కు గారిది," అన్నాడు పరాంకుశరావు, ఆనందంగా వేలు పెట్టి చూపిస్తూ. "ఆ అంచులు చూడండి, ఎంత స్పష్టంగా వచ్చాయో! ఇటువంటి నాణ్యత మన దేశీయ పరిశ్రమలో సాధ్యమా?"

"మేమైతే మరక తీసేసి వేద్దుమండి."

"అదే కదండీ వచ్చిన చిక్కు! ఏది మరకో ఏది అక్షరమో మీకు తెలుస్తోంది. వారికి తెలియదు. రహస్యమునకు అంతకు మించిన రక్షణ ఏమున్నది?"

మాణిక్యాంబ వెనక్కి తగ్గలేదు. "ముప్పై ఏళ్ళలో మా దగ్గర్నుంచి ఒక్క అక్షరం బయటికి పోయిందాండీ? పదకొండు కుటుంబాలండీ. ఉన్నట్టుండి పని ఆపేస్తే ఏమైపోవాలి? స్వదేశీ పరిశ్రమని ప్రోత్సహించాలని మీరే ప్రతి మీటింగులోనూ అంటారు కదా!"

"అంటాము. ఇప్పుడు కూడా అంటున్నాము," అని ఆయన ఒక కాగితం తీశాడు. "స్వదేశీ పరిశ్రమకు సమానావకాశము కల్పించబడినది. తమ సిబ్బందిలో ఏ ఒక్కరికీ తెలుగు చదవడం రాదని తగు అధికారి వద్ద నుండి ధ్రువపత్రము పదిహేను దినములలో దాఖలు చేసినచో, తమ టెండరు కూడా సానుభూతితో పరిశీలించబడును."

ఆ కాగితం ప్రెస్సుకు తెచ్చి చదివి వినిపిస్తే మొదట భగ్గుమన్నది కాళహస్తాచారి. మాణిక్యాంబ తండ్రి నాటి కంపోజిటరు. నలభై ఏళ్ళుగా సీసపు అక్షరాల్ని తలకిందులుగా, కుడిఎడమలు తారుమారుగా చదువుతున్న మనిషి. ప్రశ్నలో లెక్క తప్పినా, నాలుగో ప్రశ్న తరవాత ఆరోది వచ్చినా మండలివాళ్ళకు చెప్పకుండా తనే సరిచేసి పేర్చేవాడు. చెబితే మళ్ళీ ఫైలు మొదటికి వస్తుందని.

"నాకు చదవడం రాదని రాసివ్వాలా? అమ్మాయిగారూ, మా నాన్న నన్ను ఈ అక్షరాల కేసు ముందు నిలబెట్టినప్పుడు నాకు పన్నెండేళ్ళండి. అక్షరాలు బళ్ళో కాదు, ఇక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు రావంటే ఆ సరస్వతీదేవి చెంప పగలగొట్టదూ?"

"పంతం పడితే ఎలా బాబాయ్? పని పోతుంది," అంది మాణిక్యాంబ.

చారి మీసం కొసలు కొరుక్కుంటూ వెళ్ళి అక్షరాలు సర్దుకోసాగాడు. మిగతావాళ్ళు మెల్లిగా ఒప్పుకున్నారు. అందరికన్నా ఉత్సాహంగా ముందుకొచ్చినవాడు సిలిండరు మిషను నడిపే దాలినాయుడు. "నాకు నిజ్జంగానే రాదమ్మా! ఒట్టు! అక్షరమ్ముక్క రాదు. నాది ముందు రాయించియ్యండి," అన్నాడు. ఇన్నాళ్ళకి తనలో ఒక అర్హత కనిపించినందుకు అతని మొహం వెలిగిపోయింది.

తగు అధికారి అంటే వయోజన విద్యాధికారి భానుమూర్తి. మాణిక్యాంబ దాలినాయుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళేసరికి ఆయన ఎంతో ఆప్యాయంగా కూర్చోబెట్టాడు. విషయం వినగానే నవ్వు మాయమైంది.

"నిరక్షరాస్యులా? మా జిల్లాలోనా? అమ్మా, జిల్లా సంపూర్ణ అక్షరాస్యత సాధించి రెండేళ్ళయింది. ఇప్పుడు నిరక్షరాస్యుడు అనే వర్గమే మా రికార్డులో లేదు. లేనివాడికి ధ్రువపత్రం ఎలా ఇస్తాం?"

"ఇదిగో, ఎదురుగా ఉన్నాడు కదండీ!"

భానుమూర్తి దాలినాయుణ్ణి తేరిపార చూశాడు. తల తిప్పి గోడ మీద పటం చూశాడు. మళ్ళీ దాలినాయుణ్ణి చూశాడు. పటంలో పెద్ద వేదిక, దండలు, మధ్యలో శాలువా కప్పుకుని బిక్కచూపులు చూస్తున్న ఒక మనిషి. ఫోటో కింద "జిల్లాలోని చివరి నిరక్షరాస్యుడు అక్షరాస్యుడైన శుభసందర్భం" అని రాసి ఉంది.

"ఒరే, నువ్వేనా!" అన్నాడు భానుమూర్తి.

"నేనేనండి," అన్నాడు దాలినాయుడు సిగ్గుపడుతూ. "ఆ రోజు శాలువా కప్పుతారంటే వచ్చానండి. చదవడం మాత్రం రాలేదండి."

"ఇంకెక్కడా అనకు ఆ మాట! నువ్వు చదువురానివాడివైతే ఆ సభ జరగనట్టే. సభ జరగకపోతే దానికి వచ్చిన మంత్రిగారు రానట్టే. మంత్రిగారు రానట్టయితే నాకు ప్రమోషను రాక నేనింకా పాత ఊళ్ళోనే ఉన్నట్టు! నీకు చదువొచ్చునయ్యా. వచ్చు. వెళ్ళు."

జిల్లాలో చదువురానివాడు ఒక్కడే, వాడికీ చదువొచ్చునని సర్కారు తేల్చేసింది. మాణిక్యాంబ ఈ మాట చెబితే పరాంకుశరావు నొచ్చుకున్నాడు. స్వదేశీ పరిశ్రమకు అన్యాయం జరగనివ్వనని చెప్పి, మండలి తరపునే ఒక నిరక్షరాస్యతా నిర్ధారణ పరీక్ష పెట్టించాడు. విదేశీ ప్రెస్సు ఇంకా పని మొదలుపెట్టలేదు కనుక ఆ పరీక్షకు ప్రశ్నాపత్రం గౌతమీ ప్రెస్సులోనే అచ్చయింది.

అందులో ఒకటే ప్రశ్న. "ఈ వాక్యము మీకు చదవడం రానిచో పక్కనున్న గడిలో అడ్డగీత పెట్టుము."

పదిమంది అడ్డగీత పెట్టారు. పెట్టారంటే చదివారన్నమాట కనుక పదిమందీ అనర్హులు. దాలినాయుడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఏంచేయాలో తోచక అలాగే ఇచ్చేశాడు. జవాబు రాయనందుకు అతనికి సున్నా మార్కులు వేసి ఫెయిలు చేశారు.

గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఆదివారం పొద్దున మాణిక్యాంబ ఆఖరి ప్రయత్నంగా పరాంకుశరావు ఇంటికి వెళ్ళింది. ఆయన స్నానంలో ఉన్నాడు. భార్య హేమలత కాఫీ ఇచ్చి కబుర్లలో పెట్టింది. హాల్లో సోఫా మీద వాళ్ళమ్మాయి శర్వాణి కాళ్ళు ముడుచుకుని ఏదో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చదువుకుంటోంది. ఇరవైరెండేళ్ళు. డిగ్రీ అయిపోయి, ఇంట్లో ఏం తోచక గోళ్ళు గిల్లుకుంటున్న పిల్ల.

టీపాయ్ మీద విప్పని ఉత్తరాలు నాలుగైదు కనిపించాయి. గుండ్రటి తెలుగు చేతిరాత.

"మా అత్తగారు మనవరాలికి రాస్తూంటారండీ," అంది హేమలత. "ఏం లాభం? దీనికి తెలుగు ముక్క చదవడం రాదు కదా! ఆరో ఏట నుంచీ ఊటీలోనే. రోడ్డు మీద సినిమా పోస్టరు చూసి పేరేవిటని నన్నే అడుగుతుంది!" ఆ అనడం కూతురికి బంగారు పతకం వచ్చిందని చెప్పుకున్నట్టే ఉంది. "చూడండి, స్కూలు వాళ్ళు సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు."

గోడ మీద అద్దం కట్టించిన సర్టిఫికెట్టు. ఈ విద్యార్థినికి తెలుగు చదవడం, రాయడం రాదు గనుక ఆ సబ్జెక్టు నుంచి మినహాయించడమైనదని ఇంగ్లీషులో, ప్రిన్సిపాలు సంతకం, గుండ్రటి ముద్ర. కింద తండ్రి హోదాలో పరాంకుశరావు సంతకం.

మాణిక్యాంబ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "ఇలాంటి సర్టిఫికెట్లు ఊళ్ళో ఇంకెవరెవరికి ఉన్నాయండీ?" అని మెల్లిగా అడిగింది.

"ఎందుకు లేవూ? డాక్టరు గారి అబ్బాయిలిద్దరికీ ఉన్నాయి. మున్సిపల్ చైర్మన్ గారి మేనల్లుడికీ, కాంట్రాక్టరు గారి కోడలికీ... మంచి కుటుంబాలన్నిటికీ ఉన్నాయండీ," అంది హేమలత.

పదిహేనో రోజు సాయంకాలం మాణిక్యాంబ మండలి కార్యాలయంలో ఎనిమిది ధ్రువపత్రాలు దాఖలు చేసింది. ఎనిమిదీ అసలైనవే. ఇంట్లో ఏం తోచక సరేనన్న ఆ ఎనిమిది మందీ ఆ రోజు నుంచి గౌతమీ ప్రెస్సు సిబ్బంది. అన్నిటికన్నా పైన శర్వాణి పత్రం. పరాంకుశరావు దాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. కాదనడానికి వీల్లేదు, కింద సంతకం తనదే.

"దేశీయ పరిశ్రమ ఇంత త్వరగా అంతర్జాతీయ ప్రమాణాలను అందుకొనగలదని ఊహించలేదు," అన్నాడు చివరికి. మండలి ఇరుపక్షాలకూ ఒకే పరీక్ష పెట్టింది. ఈ ఏటి కుట్టుపని ప్రశ్నాపత్రం సీలు కవర్లో ఇద్దరికీ ఇస్తారు. రెండు నెలల్లో ఎవరి అచ్చు బాగుంటే పని వాళ్ళది.

సిబ్బంది లెక్కలోంచి తీసేసిన పాతవాళ్ళు పదకొండుమందీ కాగితం ముట్టకూడదు, చూడకూడదు. చూడకుండా పని నేర్పకూడదని మాత్రం ఎక్కడా లేదు. అందుకని మాణిక్యాంబ కేసుల గది మధ్య ఒక దుప్పటి కట్టించింది. ఇటు శర్వాణి ప్రశ్నాపత్రం ప్రతి పట్టుకుని నిలబడేది. అటు చారి స్టూలు మీద కూర్చునేవాడు.

"అంకుల్, ఇక్కడొక జిలేబీ ఉంది. పైన టిక్కు మార్కు, కడుపులో చుక్క."

"అది థ అమ్మా. కథలో థ. ఎడంచేతి వైపు కింది వరస, మూడో గది."

"కథ అంటే స్టోరీ కదా? దీనికా ఇంత తిప్పలు?"

"తిప్పలేవిటమ్మా! వేలితో గాల్లో ఓసారి తిప్పి చూడు. ఎంత హాయిగా తిరుగుతుందో!"

దుప్పటికి అటూ ఇటూ రెండు చూపుడు వేళ్ళు గాల్లో తిరిగేవి. మిషను దగ్గర దాలినాయుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "చెయ్యి తీయండి బాబూ! చెయ్యి! చెయ్యి!" అని డాక్టరు గారి పెద్దబ్బాయి మీద రోజంతా అరుస్తుండేవాడు. మొదటి వారం పేర్చిన పేజీ చూసి మాణిక్యాంబ తల పట్టుకుంది. రెండో వారం నవ్వింది. నెల తిరిగేసరికి ఆమెకు కొత్త భయం పట్టుకుంది.

కారణం ఏమిటంటే, జిలేబీలు మాయమయ్యాయి. "అంకుల్, థ అయిపోయింది, ఇంకో గదిలో ఉన్నాయా?" అంటోంది శర్వాణి. మున్సిపల్ చైర్మన్ గారి మేనల్లుడు దారిలో కిరాణా కొట్ల బోర్డులన్నీ పైకి చదువుకుంటూ వస్తున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం దుప్పటి అవతల నుంచి శర్వాణి గొంతు కూడబలుక్కుంటూ ఏదో చదవడం వినిపించింది. తొంగిచూస్తే, చారి పాత కాగితాల బొత్తి ముందు పెట్టి వేలితో చూపిస్తున్నాడు.

"బాబాయ్! ఏం చేస్తున్నారు మీరు? ఆ పిల్లకి చదువొచ్చిందని తెలిస్తే మన కొంప మునుగుతుంది!"

"రోజూ అక్షరాలు చేత్తో పట్టుకుంటే రాక ఏమవుతాయమ్మాయిగారూ? ఆపడం నా తరమా?" అన్నాడు చారి. అన్నాడే గానీ ఆ మొహంలో భయమేమీ లేదు. మాణిక్యాంబకు కోపం రాబోయింది. శర్వాణి మొహంలో ఆ వెలుగు చూసి తిట్టలేకపోయింది.

అవతల విదేశీ ప్రెస్సుకూ ఒక ఇబ్బంది వచ్చింది. ఆ కబురు మాణిక్యాంబకు మండలి వరండాలో తెలిసింది. ఈ కాగితానికి పైభాగమేది, కిందిభాగమేది అని వాళ్ళు ఫ్యాక్సు పంపారు. జవాబివ్వాలంటే ఎవరో ఒకరు ప్రశ్నాపత్రం చూడాలి. తెలుగు వచ్చినవాళ్ళు చూడకూడదు. రానివాళ్ళకు ఏది పైభాగమో తెలియదు. మండలి సభ్యులు రెండు దఫాలు సమావేశమై, ఉభయ పక్షాలకూ న్యాయం జరిగేలా తీర్మానించారు. సగం ప్రతులు ఒకవైపుకీ సగం రెండోవైపుకీ అచ్చువేయాలి. ఏ సగం సరిగ్గా ఉంటే ఆ సగం అభ్యర్థులు అదృష్టవంతులు.

తనిఖీ రోజు రానే వచ్చింది. పరాంకుశరావు విదేశీ నమూనాల కట్టతో ప్రెస్సులో అడుగుపెట్టాడు. పదకొండుమంది పాతవాళ్ళూ గోడ వారన వరసగా నిలబడ్డారు. ఎనిమిదిమంది కొత్తవాళ్ళు మిషన్ల దగ్గర. మాణిక్యాంబ పిల్లలందరికీ రాత్రి నుంచీ ఒకటే చెప్పింది, ఇవాళ ఏ కాగితం వంకా చూసి పెదవి కదపొద్దని.

పరాంకుశరావు గౌతమీ ప్రెస్సు ప్రతిని కవరులో నుంచి తీశాడు. తనకూ తెలుగు వచ్చు కనుక, నిబంధన ప్రకారం కళ్ళు గట్టిగా మూసుకుని, వేళ్ళతో తడిమి, "కాగితము సంతృప్తికరము. సిరా ఆరియున్నది," అన్నాడు. "ఇక అమరిక. తెలుగు రాని వ్యక్తి ఎవరైనా చూచి అభిప్రాయము తెలుపవచ్చును. అమ్మా శర్వాణీ, ఇలా వచ్చి చూచి చెప్పుము."

శర్వాణి కాగితం అందుకుంది. ఆ పిల్ల కళ్ళు మొదటి గీత మీద ఆగాయి. రెండో గీతకు వెళ్ళాయి. పెదవులు కదిలాయి. ఇక ఆగలేదు.

"ఒకటో ప్రశ్న. జాకెట్టుకు చంక కొలత తీయు విధానమును వివరింపుము. రెండో ప్రశ్న. కాజా కుట్టుటలో..." అని గడగడా చదివేసింది. చదవడం ఆపి, "నాన్నా! ఇది పోయినేడాది పేపరే కదా?" అంది.

పరాంకుశరావు కళ్ళు తెరిచాడు. "పోయినేడాది పేపరు నీకెట్లు తెలియును?" అన్నాడు.

"అంతకు ముందేడాదిదీ ఇదే. దానికి ముందుదీ ఇదే. పన్నెండేళ్ళవీ చదివాను నాన్నా, పరీక్షలయిపోయిన పేపర్ల మీదే నేను అక్షరాలు నేర్చుకున్నాను. తేదీ ఒక్కటే మారుతోంది. ఇంకెందుకు లీకు కాదు? పిల్లలకి బట్టీ వచ్చేసింది!"

పరాంకుశరావు స్టూలు మీద కూలబడ్డాడు. పన్నెండేళ్ళ కిందట ప్రశ్నలు తయారుచేసే పెద్దమనిషి రిటైరయ్యాడు. ఆ ఖాళీ భర్తీ చేసే ఫైలు ఇంకా నడుస్తోంది. ఈలోగా ఏటా గుమాస్తా తేదీ మార్చి, సీలు వేసి, పై సంతకానికి పెడుతున్నాడు. రహస్యం కాబట్టి కార్యదర్శి ఏనాడూ లోపల చూడలేదు. అది తన నిజాయితీ అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

ఆయన గోడ వంక తిరిగాడు. "చారిగారూ, ఈ సంగతి మీకు తెలుసా?"

"తెలుసండి. పన్నెండేళ్ళ బట్టీ తెలుసు."

"తెలిసీ ఒక్క మాట చెప్పలేదేం?"

"చదివింది పైకి చెప్పనని ఏటా అమ్మవారి పటం ముందు నా చేత ప్రమాణం చేయించేది తమరే కదండీ! మా ఇంటిదానిక్కూడా చెప్పలేదు."

"మరి మా అమ్మాయికి?"

"నేనేం చెప్పలేదు బాబూ. అక్షరాలు దిద్దించాను. ఎదురుగా ఏ కాగితాలుంటే వాటితో."

రూలు ప్రకారమైతే ఇప్పుడు శర్వాణికి చదువొచ్చు, గౌతమీ ప్రెస్సు అనర్హం, పని సముద్రాల అవతలికి పోవాలి. మాణిక్యాంబ ఆ మాట కోసమే ఎదురుచూస్తూ బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది. పదకొండుమందీ ఆమె వంకే చూస్తున్నారు.

"అమ్మా," అన్నాడు పరాంకుశరావు. ఆ గొంతులో ఫైలు లేదు. "ఇంకోసారి చదవవే. నువ్వు తెలుగు చదవడం నేనెప్పుడూ వినలేదు."

శర్వాణి మళ్ళీ చదివింది. జాకెట్టు చంక కొలత గురించి ఒక తండ్రి అంత శ్రద్ధగా వినడం అదివరకు ఎప్పుడూ జరిగి ఉండదు. చదవడం అయ్యాక, "నాయనమ్మ ఉత్తరాలన్నీ చదివేశాను నాన్నా. నిన్ననే కార్డు రాసి పోస్టు చేశాను," అంది. పరాంకుశరావు జేబురుమాలు తీసి, సిరా ఘాటుకు కళ్ళు మండుతున్నాయని అందరికీ వినబడేలా చెప్పి, తుడుచుకున్నాడు.

వారం తిరక్కుండా మండలి తీర్మానం వచ్చింది. "ఒకటి, చదవగలిగినవారు చదువుటకు మండలికి ఎట్టి అభ్యంతరము లేదు. రెండు, ప్రశ్నలు ప్రతి సంవత్సరము వేరువేరుగా ఉండుట వాంఛనీయము. మూడు, ముద్రణ కార్యము గౌతమీ ప్రెస్సునకు అప్పగించబడినది." ఆ ఏడు ప్రశ్నలు కొత్తవి కావడంతో అభ్యర్థులు అన్యాయం జరిగిందని ఒక పూట ధర్నా చేశారు. ఆ ఏటి కుట్టుపని సర్టిఫికెట్టు వచ్చినవాళ్ళకు మాత్రం జాకెట్టు కుట్టడం వచ్చు. దుప్పటి తీసేశారు, పదకొండుమందీ కేసుల ముందుకొచ్చారు. ఎనిమిదిమందిలో ఇళ్ళకు పోయినవాళ్ళు పోగా శర్వాణి ప్రూఫులు దిద్దే పనికి అక్కడే ఉండిపోయింది. ఊటీ సర్టిఫికెట్టు గోడ మీంచి దించేశారని, హేమలత వారం రోజులు ఎవరి ఇంటికీ వెళ్ళలేదని చెప్పుకున్నారు.

ఆరు నెలల తరవాత గౌతమీ ప్రెస్సు ముందు ఒక లారీ ఆగింది. లోపల తొమ్మిది కొయ్యపెట్టెలు, పైన ఒక ఉత్తరం. పని పోయిన విదేశీ ప్రెస్సు నుంచే. ఇంగ్లీషులో ఉన్నదాన్ని శర్వాణి తర్జుమా చేసి చదివింది.

"అయ్యా, మా దేశంలో కూడా ఈ మధ్య ఒక ప్రశ్నాపత్రం బయటపడింది. మా ప్రభుత్వం కూడా ఒక సంఘం వేసింది. మా భాష చదవగలిగినవారు ఇక ప్రశ్నాపత్రాలు ముట్టరాదని సంఘం తేల్చింది. మా భాష ఎవరికీ తెలియని ప్రెస్సు కోసం వెతుకుతుండగా మీరు గుర్తొచ్చారు. అక్షరాలు ఈ పెట్టెల్లో పంపుతున్నాము. ఏడాది పొడుగునా పని ఉంటుంది. మీ సిబ్బందిలో ఎవరికీ మా భాష చదవడం రాదని ధ్రువపత్రం ఒక్కటి పంపితే చాలు."

ఈసారి ధ్రువపత్రానికి తిరగవలసిన పనే లేకపోయింది. కబురు విన్న భానుమూర్తి ముద్ర చేత్తో పట్టుకుని తనే వచ్చేశాడు. "ఆ భాషలో మన జిల్లా నూటికి నూరు శాతం నిరక్షరాస్యతండీ! ఒక్కడికి కూడా రాదు! ఇది కూడా రికార్డే!" అని మురిసిపోతూ పదకొండు పత్రాల మీదా నిలబడే సంతకం చేశాడు. దాలినాయుడి పత్రం మీద మాత్రం రెండుసార్లు ముద్ర కొట్టాడు. పన్నెండోది శర్వాణిది.

మాణిక్యాంబ పత్రాలన్నీ కవరులో పెట్టి అంటించింది. పన్నెండు నెలల పని! తండ్రి హయాంలో కూడా ఆ ప్రెస్సు అంత పని చూడలేదు. సంతోషం పట్టలేక అందరికీ మిఠాయి తెప్పిద్దామని తలెత్తేసరికి, కాళహస్తాచారి అప్పుడే మొదటి పెట్టె మేకులు ఊడదీసి, ఒక కొత్త అక్షరాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. పక్కనే శర్వాణి చూపుడు వేలు గాల్లో తిరుగుతోంది.

"అమ్మాయిగారూ, ఏమనుకోకండి. చదవకుండా పేర్చడం నా వల్ల కాదు," అన్నాడు చారి. "ఇందులో మొదటి అక్షరమేదో ఆ దొరలకి రాసి కనుక్కోండి."

"రాస్తాను బాబాయ్," అంది మాణిక్యాంబ, వాకిట్లో ఇంకా చేతులు ఊపుకుంటూ నడుస్తున్న భానుమూర్తి వంక చూస్తూ. "ముందా తలుపు వెయ్యండి."